బ్యాంకు వాటా కొనుటకు ముందు

కృష్ణాతీరమున ఒక గ్రామమునుండి, ఉద్యోగ విరమణ చేసిన ప్రధానోపాధ్యాయులొకరు మా ప్రసంగశాఖకు ఒక లేఖ వ్రాసినారు. వారి అల్లుడు పట్టణమున ఉద్యోగము చేయుచున్నాడు. పండుగకు వచ్చినప్పుడు అతడు మామగారితో ఇట్లన్నాడట: "మామయ్యగారూ, మీ ఖాతా ఉన్న బ్యాంకు వాటాకు పుస్తకములలో 100 రూపాయల విలువ ఉన్నది. బజారులో అది 60 రూపాయలకే దొరకుచున్నది. 100 రూపాయల నోటును 60కి ఇచ్చువారుండగా ఊరక కూర్చుండనేల?"

మాస్టారు సందేహపడి మాకు వ్రాసినారు. "ఇరువది యేండ్లుగా ఆ బ్యాంకులో నా డబ్బున్నది. ఒక్క పైసా పోలేదు. అట్టి బ్యాంకు వాటా కొనుటకు భయపడవలసినదేమైన ఉన్నదా? నా చేతిలో 3 లక్షల రూపాయలున్నవి. అది మనుమరాలి చదువునకు దాచినది."

నేను బ్యాంకు ఉద్యోగిని కాను, వాటాల వ్యాపారిని అంతకన్నను కాను. ఎప్పుడో కళాశాలలో అర్థశాస్త్రము చదువుకొని, పిమ్మట రేడియోలో కుదిరినవాడను. కావున ఏ వాటా కొనవలెనో, ఏది అమ్మవలెనో నేను చెప్పబోవుట లేదు. ఒక బ్యాంకు వాటాను గాని, అప్పులిచ్చు ఫైనాన్సు కంపెనీ వాటాను గాని తూచి చూచుటకు ఏ తక్కెడ కావలెనో మాత్రము ఇచట వివరింతును.

ఈ లేఖలో రెండు ప్రశ్నలు పెనవేసుకొని ఉన్నవి. డిపాజిటు క్షేమముగా ఉన్నంత మాత్రమున వాటా కూడ క్షేమమేనా అనునది మొదటిది. పుస్తకములోని 100 రూపాయలు నిజముగా 100 రూపాయలేనా అనునది రెండవది. ఒకదాని తరువాత ఒకటి చూతము.

డిపాజిటుదారుడు బ్యాంకునకు అప్పిచ్చినవాడు. వాటాదారుడు బ్యాంకునకు యజమాని. యజమాని యనగానే పెద్ద పదవి యని తోచును. కాని మన ఇండ్లలో పెండ్లి జరిగినప్పుడు, వచ్చిన బంధువులందరు భుజించిన పిమ్మట గాని ఇంటివారు విస్తరి ముందు కూర్చుండరు. వంటకములు మిగిలినచో వారికి కావలసినంత. మిగులనిచో పస్తు. బ్యాంకు సంపాదనలోను ఇదే వరుస. మొదట డిపాజిటుదారులకును, ఇతర ఋణదాతలకును వడ్డీ చెల్లింపవలెను. ఉద్యోగులకు జీతములు, ప్రభుత్వమునకు పన్ను ఇయ్యవలెను. రాని బాకీలకు కొంత తీసి పెట్టవలెను. అన్నియు పోగా మిగిలినది వాటాదారునిది. మిగులు ఎక్కువైనచో అతని భాగ్యము, లేనిచో అతని నష్టము.

డిపాజిటుదారుని రక్షించుటకు దేశములో ఏర్పాట్లున్నవి. 1960లో కేరళలో పాలై సెంట్రల్ బ్యాంకు మూతపడి ప్రజలు కలవరపడిన పిమ్మట, 1962 జనవరి 1వ తేదీన డిపాజిట్ల భీమా సంస్థ ఏర్పడినది. ఆనాడు ఒక్కొక్క డిపాజిటుదారునికి ఒక్కొక్క బ్యాంకులో 1,500 రూపాయల వరకే భీమా. 2020 ఫిబ్రవరి 4వ తేదీనుండి ఆ పరిమితి 5 లక్షల రూపాయలైనది. వాటాదారునికి అట్టి భీమా ఎన్నడును లేదు. ఉండుటయు న్యాయము కాదు, ఏలయన లాభమును కోరి అతడే స్వయముగా ఆ స్థానమున కూర్చుండినాడు.

ఈ భేదము మన హైదరాబాదు నగరవాసులకు కథ కాదు, కంటితో చూచినది. సికింద్రాబాదు ప్రధాన కార్యాలయముగా 1994లో గ్లోబల్ ట్రస్టు బ్యాంకు వ్యాపారము ప్రారంభించినది. అది నూతన ప్రయివేటు బ్యాంకులు తల యెత్తిన కాలము. దాని వాటాలకు జనులు ఎగబడి దరఖాస్తు చేసినారు. 2001 జనవరిలో అది యూటీఐ బ్యాంకుతో విలీనమగునని ప్రకటన వెలువడినది. కొలది నెలలలోనే వాటాల బజారులో కుంభకోణము బయటపడి, ఆ విలీన ప్రయత్నము విరమింపబడినది. బజారులో వాటాలాడువారికి ఈ బ్యాంకు ఇచ్చిన అప్పులు దాని మెడకు చుట్టుకొన్నవి. 2002 మార్చినాటి ప్రకటిత లెక్కలలో బ్యాంకునకు నికర విలువ ఉన్నట్లే చూపబడినది. రిజర్వుబ్యాంకు తనిఖీ చేసి చూడగా, అది శూన్యమునకు దిగువన ఉన్నట్లు తేలినది. పైన పటారము, లోన లొటారము అను సామెత అక్షరాల నిజమైనది.

2004 జులై 24వ తేదీన ఆ బ్యాంకుపై మారటోరియము విధించినారు. డిపాజిటుదారులు 10,000 రూపాయలకు మించి తీసికొనుటకు వీలులేకపోయినది. ఐనను మూడు వారములలోనే, ఆగష్టు 14వ తేదీన, దానిని ఓరియంటల్ బ్యాంక్ ఆఫ్ కామర్సులో కలిపివేసినారు. డిపాజిటుదారుల డబ్బు భద్రముగా క్రొత్త బ్యాంకునకు చేరినది. వాటాదారులకు మాత్రము మారుగా ఒక్క వాటా గాని, నగదు గాని దక్కలేదు. వారి మూలధనమంతయు రాని బాకీలను పూడ్చుటకు పోయినది. ఒకే బ్యాంకు, ఒకే దినము. ఖాతా పుస్తకమున్న చేతికి డబ్బు నిలిచినది. వాటా పత్రమున్న చేయి రిక్తమైనది. కావున "ఇరువది యేండ్లుగా నా డబ్బు పోలేదు" అను మాట డిపాజిటునకు సాక్ష్యమగును గాని, వాటాకు కానేరదు.

ఇక బ్యాంకు వ్యాపారములో ఇంత పెళుసుదనమేల? దీనిని ఒక బియ్యపు వర్తకునితో పోల్చి చూడుడు. వర్తకుని కొట్టులో 100 రూపాయల సరుకున్నదనుకొందము. అందులో 60 రూపాయలు అతని సొంతము, 40 రూపాయలు అప్పు. నాలుగు రూపాయల బియ్యము ముక్కిపోయినచో అతని 60లో నాలుగు పోయి 56 నిలుచును. బాధయే గాని ప్రాణభయము లేదు. బ్యాంకు సంగతి వేరు. బ్యాంకు ఇచ్చిన అప్పులు 100 రూపాయలైనచో, అందులో సొంత ధనము సుమారు 8 రూపాయలు. తక్కిన 92 రూపాయలు పరుల సొమ్ము. ఇచ్చిన 100లో నాలుగు రూపాయలు తిరిగి రాకపోయినచో, సొంత ధనములో సగము పోయినది. ఎనిమిది రాకపోయినచో వాటాదారునికి మిగులునది శూన్యము.

ఇదే లెక్క లాభమునకును వర్తించును. ఇచ్చిన 100 రూపాయలపై, ఖర్చులన్నియు పోగా, ఏడాదికి ఒక్క రూపాయి మిగిల్చిన బ్యాంకు మంచి బ్యాంకే. ఒక్క రూపాయి స్వల్పమని తోచును గాని, 8 రూపాయల సొంత ధనముపై అది పన్నెండున్నర శాతము. అదే బ్యాంకు 5 రూపాయల సొంత ధనముతోనే నడచినచో, ఆ రూపాయియే 20 శాతముగా కనబడును. పనితనము పెరుగలేదు, పునాది పలుచనైనదంతే. కావున "ఈ కంపెనీ సొంత ధనముపై 20 శాతము గడించుచున్నది" అని ఎవరైన చెప్పినచో, ఆ గడన నేర్పుచేత వచ్చినదా, పునాది పలుచనగుటచేత వచ్చినదా అని అడుగవలెను.

పునాది మరీ పలుచన కాకుండ రిజర్వుబ్యాంకు ఒక కొలత విధించినది. బ్యాంకు ఇచ్చిన అప్పులను వాని అపాయమును బట్టి తూచుదురు. ప్రభుత్వ పత్రములలో పెట్టిన డబ్బునకు అపాయము దాదాపు లేదని, హామీ లేని అప్పునకు ఎక్కువ యని లెక్క. అట్లు తూచిన మొత్తముపై బ్యాంకులకు కనీసము 9 శాతము మూలధనము, దానిపై కష్టకాలమునకు దాచు రెండున్నర శాతము, వెరసి పదకొండున్నర శాతము ఉండవలెను. వార్షిక నివేదికలో దీనిని మూలధన పర్యాప్తత యందురు. వాటా కొనదలచినవారు మొదట చూడవలసిన సంఖ్య ఇది. కనీసపు గీతకు అంటి నడచుచున్న బ్యాంకు రేపు క్రొత్త వాటాలు అమ్మక తప్పదు. దాని ఫలితమును పిమ్మట చూతము.

రెండవ సంఖ్య రాని బాకీలది. అసలు గాని వడ్డీ గాని 90 దినములకు మించి చెల్లింపబడని అప్పును నిరర్థక ఆస్తి యందురు. 100 కోట్ల అప్పులలో 6 కోట్లు అట్లైనచో, స్థూల నిరర్థక ఆస్తులు 6 శాతము. ఆ 6 కోట్లకు గాను బ్యాంకు తన లాభములనుండి 4 కోట్లు ముందే తీసిపెట్టినదనుకొందము. ఇట్లు తీసిపెట్టుటను కేటాయింపు యందురు. ఇక 2 కోట్లకే పూచీ లేదు. దానిని నికర నిరర్థక ఆస్తి యందురు. పత్రికా ప్రకటనలలో నికర సంఖ్యకు పెద్ద అక్షరములు వాడుదురు. మీరు రెండును చూడుడు. స్థూల సంఖ్య అప్పులిచ్చినవారి వివేకమును చెప్పును. కేటాయింపు లెక్కలు వ్రాసినవారి నిజాయితీని చెప్పును.

ఇచట ఒక సూక్ష్మము కలదు. బియ్యపు వర్తకుని లాభము సరుకు అమ్మి డబ్బు చేత బడిన నాడే తేలును. బ్యాంకు లాభము అట్లు కాదు. ఇరువది సంవత్సరములకు తీరవలసిన అప్పుపై ఈ యేటి లాభము వ్రాసికొనుచున్నారనగా, ఎంత మంది చెల్లింతురు, ఎంత మంది ఎగవేయుదురు అను ఊహపై అది ఆధారపడి ఉన్నది. ఊహ ఉదారమైనచో లాభము హెచ్చును. బాకీదారునకే మరియొక అప్పిచ్చి, ఆ డబ్బుతో పాత వడ్డీ కట్టించుకొన్నను పుస్తకమున లాభమే కనబడును.

దీనికి దృష్టాంతముగా యస్ బ్యాంకు చరిత్ర స్మరింపదగినది. 2015–16వ సంవత్సరమునకు ఆ బ్యాంకు తన స్థూల నిరర్థక ఆస్తులు 749 కోట్ల రూపాయలని ప్రకటించినది. రిజర్వుబ్యాంకు లెక్కలో అవి 4,926 కోట్లు. ఈ భేదము 2017లో లోకమునకు తెలిసినది. ఐనను ఆ తరువాత కూడ వాటా ధర పెరుగుచు పోయి, 2018 ఆగష్టులో 400 రూపాయలు దాటినది. 2020 మార్చి 5వ తేదీన మారటోరియము వచ్చినది. మరునాడు ఆ వాటా 6 రూపాయలకు దిగువన కూడ అమ్ముడైనది. నిప్పు రగులుచున్నదని పొగ మూడేండ్ల ముందే చెప్పినది. చూచినవారు తక్కువ.

అప్పటినుండి కొనువానికి ఒక సదుపాయము కలిగినది. రిజర్వుబ్యాంకు లెక్కకును బ్యాంకు లెక్కకును నిర్ణీత పరిమితిని మించి భేదమున్నచో, ఆ సంగతి వార్షిక నివేదికలో ప్రకటింపవలెనని 2017లో నియమము వచ్చినది. మొత్తపు అప్పులలో మొదటి 20 మంది పెద్ద బాకీదారుల వంతెంత, మొత్తపు డిపాజిట్లలో మొదటి 20 మంది డిపాజిటుదారుల వంతెంత అనునవియు అందులో ఉండును. ఇవి నివేదిక చివర, లెక్కలకు వ్రాసిన వివరణలలో, చిన్న అక్షరములలో ఉండును. రంగుల బొమ్మలున్న మొదటి పుటలకంటె ఈ పుటలే విలువైనవి.

దేశములోని బ్యాంకుల స్థూల నిరర్థక ఆస్తులు 2018 మార్చినాటికి 11 శాతము దాటినవి. 2025 మార్చినాటికి అవి 2.3 శాతమునకు దిగినవి. ఇది సంతోషింపదగినది. ఐనను కాలము బాగున్నప్పుడు ఇచ్చిన అప్పులే కాలము మారినప్పుడు చెడునని పెద్దలెరుగుదురు. ముఖ్యముగా మిక్కిలి వేగముగా పెరుగు కంపెనీల విషయములో ఒక మోసకారి లెక్క ఉన్నది. 100 కోట్ల అప్పులలో 4 కోట్లు చెడినచో అది 4 శాతము. మరుసటి యేడు మరి 60 కోట్లు అప్పిచ్చినచో మొత్తము 160 కోట్లు. చెడినవి అవే 4 కోట్లు. శాతము రెండున్నరకు దిగినది. ఒక్క బాకీ వసూలు కాలేదు. నిన్న ఇచ్చిన అప్పు నేడే చెడదు. మామిడి అంటు నాటిన యేడే కాయ తీపియో పులుపో తెలియనట్లు, అప్పు స్వభావము తెలియుటకును రెండు మూడేండ్లు పట్టును. కావున తోటి బ్యాంకులన్నియు 12 శాతము పెరుగుచుండగా ఒక్కటి మాత్రము 40 శాతము పెరిగినచో, చప్పట్లు కొట్టుటకు ముందు, ఇతరులు కాదన్న బాకీదారులు ఇచట చేరుచున్నారేమో విచారింపవలెను.

మూడవది, పరుల సొమ్ము ఎచటనుండి వచ్చుచున్నది అనునది. మాస్టారివంటి వేలమంది చిన్న డిపాజిటుదారులు పొదుపు ఖాతాలలో ఉంచిన డబ్బు చౌకయైనది, స్థిరమైనది. చిన్న వదంతికి కదలదు. పెద్ద సంస్థలనుండి మూడు నెలల గడువునకు తెచ్చిన అప్పు అట్టిది కాదు. అట్టి అప్పు తెచ్చి, పదునైదేండ్ల గృహఋణములుగా ఇచ్చు ఫైనాన్సు కంపెనీలుండెను. మూడు నెలలకొకసారి క్రొత్త అప్పు పుట్టినంతవరకు బండి నడచును. 2018లో ఐఎల్ అండ్ ఎఫ్‌ఎస్ అను పెద్ద సంస్థ బాకీలు చెల్లింపలేక చేతులెత్తగా, అప్పిచ్చువారందరు వెనుదీసినారు. దివాన్ హౌసింగ్ ఫైనాన్సు ఆ సంక్షోభములో చిక్కుకొన్నది. దానిలో ఇతర అక్రమములును బయటపడినవి. 2019 నవంబరులో రిజర్వుబ్యాంకు దాని పాలకవర్గమును తొలగించినది. 2021లో అది పిరమల్ సంస్థ పరమైనది. పాత వాటాదారులకు దక్కినది శూన్యము. డిపాజిటు ఖాతాల బలము లేని ఫైనాన్సు కంపెనీ వాటా కొనువారు ఈ ప్రశ్నను మరింత గట్టిగా అడుగవలెను: అప్పు తెచ్చిన గడువెంత, ఇచ్చిన గడువెంత?

ఇప్పుడు మాస్టారి అల్లునిగారి 60 రూపాయల లెక్కకు వత్తము. పుస్తక విలువ యనగా బ్యాంకు ఆస్తులనుండి అప్పులు తీసివేసి, మిగిలినదానిని వాటాల సంఖ్యచే భాగించినది. అది 100 అని వారు చెప్పినారు. ఆ బ్యాంకు పేరు మాకు తెలియదు. కావున ఉదాహరణకు కొన్ని సంఖ్యలు కల్పించుకొందము. నికర నిరర్థక ఆస్తులు వాటాకు 30 రూపాయల చొప్పున ఉన్నవనుకొందము. అందులో సగమే వసూలగునని అంచనా వేసినచో 15 రూపాయలు పోవును. అనగా 100 రూపాయల నోటు 85 అయినది. ఐనను 60 కంటె ఎక్కువే కదా యని అల్లునిగారు అనవచ్చును.

కాని వాటా కొన్నవాడు బ్యాంకును మూసి ఆ 85 రూపాయలను ఇంటికి తెచ్చుకొనలేడు. ఆ ధనము బ్యాంకులోనే ఉండి యేటేట గడించుదానిలోనే అతని భాగము. కావున ఎంత ఉన్నది అనుదానికంటె ఎంత గడించుచున్నది అనునదే ప్రధానము. ఆ బ్యాంకు ఒక్కొక్క వాటాపై ఏడాదికి 6 రూపాయలు గడించుచున్నదనుకొందము. నిశ్చింతగా ఉంచిన డిపాజిటుపై 7 శాతము వడ్డీ దొరకు కాలములో, పంక్తి చివర కూర్చుండు వాటాదారుడు 12 శాతమైన ఆశించుట న్యాయము. 12 శాతము చొప్పున 6 రూపాయలు రావలెనన్నచో పెట్టవలసినది 50 రూపాయలు. 60 పెట్టినచో ఆ గడన 10 శాతమే. 100 రూపాయల వస్తువు 60కి చౌకగా వచ్చినట్లు కనబడినది, కాని 50 రూపాయల వస్తువునకు 60 ఇచ్చినట్లైనది.

ఇదే లెక్కను తిప్పి చూడుడు. వేరొక బ్యాంకు పుస్తక విలువ 100, బజారు ధర 150. పైకి ప్రియముగా తోచును. అది వాటాకు 18 రూపాయలు గడించుచున్నచో, 150పై అది 12 శాతము. బాకీలు శుభ్రముగా ఉండి, ఆ గడన నిలుచునదైనచో ఆ ధర అన్యాయము కాదు. బజారులో తక్కువ ధర పలుకు వాటాలన్నియు చౌక కావు, ఎక్కువ పలుకునవన్నియు ప్రియము కావు. మొదటి బ్యాంకు తన పాత బాకీలు వదలించుకొని రేపు 10 రూపాయలు గడింపగలిగినచో, నేటి 60 చౌకయే యగును. కావున కొనువాడు ఇయ్యవలసిన తీర్పు ఒక్కటే: ఆ గడన పెరుగుటకు కారణము లెక్కలలో కనబడుచున్నదా, కోరికలో మాత్రమే ఉన్నదా?

మూలధనము చాలని బ్యాంకు క్రొత్త వాటాలు అమ్ముననియు, దాని ఫలితమును పిమ్మట చూతమనియు ముందే అన్నాను. యస్ బ్యాంకును నిలుపుటకు 2020 మార్చిలో భారతీయ స్టేట్ బ్యాంకు, మరికొన్ని బ్యాంకులు కలిసి 10 రూపాయల చొప్పున వాటాలు కొన్నవి. అదే యేడు జులైలో 12 రూపాయల చొప్పున మరల వాటాలు అమ్మినారు. అంతకు ముందు సుమారు 255 కోట్లుగా ఉన్న వాటాలు దాదాపు 2,500 కోట్లైనవి. 100 వాటాలున్నవారికి 100 వాటాలే నిలిచినవి. బ్యాంకులో వారి భాగము మాత్రము పదియవ వంతునకు కుదించుకొనిపోయినది. పైగా 100కు మించి వాటాలున్నవారు తమ వాటాలలో ముప్పాతిక భాగమును మూడేండ్లవరకు అమ్ముకొనుటకు వీలులేకపోయినది. బ్యాంకు బ్రతికినది, డిపాజిటుదారులు బ్రతికినారు. పాత వాటాదారుడు ఆ బ్రతుకునకు మూల్యము చెల్లించినాడు.

ప్రభుత్వ బ్యాంకు మునుగదు గదా యని కొందరందురు. మునుగకుండుట వేరు, వాటాదారుడు లాభపడుట వేరు. 1923లో డాక్టర్ భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు మచిలీపట్టణమున స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 1980లో జాతీయము చేయబడినది. 2020 ఏప్రిల్ 1వ తేదీన యూనియన్ బ్యాంకులో లీనమైనది. డిపాజిటుదారుని రూపాయి రూపాయిగానే క్రొత్త పుస్తకమునకు మారినది. ప్రతి 1,000 ఆంధ్రా బ్యాంకు వాటాలకు 325 యూనియన్ బ్యాంకు వాటాలు ఇచ్చినారు. రెండు బ్యాంకుల విలువలను పోల్చి వేసిన లెక్క అది. ఆ పోలికలో తెలుగువారి అభిమానమునకు తూనిక లేదు. బ్యాంకుపై మనకు గల ఆప్యాయత ఖాతా తెరచుటకు చాలును. వాటా కొనుటకు చాలదు.

నమ్మకము బ్యాంకునకు ఊపిరి వంటిది. 2025 మార్చిలో ఇండస్ఇండ్ బ్యాంకు తన విదేశ ద్రవ్యపు ఒప్పందముల లెక్కలలో లోపమున్నదనియు, అందువలన నికర విలువలో సుమారు 2.35 శాతము తగ్గవచ్చుననియు ప్రకటించినది. మరుదినము దాని వాటా ధర దాదాపు 27 శాతము పడినది. లోపము రెండు శాతమైనచో పతనము ఇరువది యేడు శాతమేల? ఒక లెక్క తప్పైనచో తక్కిన లెక్కలు ఒప్పని ఎట్లు నమ్మగలమని కొనువారు శంకించినారు. పుస్తక విలువ యనునది పుస్తకము వ్రాసినవారిని నమ్మగలిగినంతవరకే విలువ.

కావున బ్యాంకు వాటా కొనదలచినవారు ఒక కాగితముపై వ్రాసికొనవలసిన ప్రశ్నలివి. మూలధనము కనీసపు గీతకు ఎంత ఎత్తున ఉన్నది? స్థూల నిరర్థక ఆస్తులెంత, వానిలో ఎంతకు కేటాయింపు జరిగినది? ఈ యేడు క్రొత్తగా చెడిన బాకీలెన్ని? రిజర్వుబ్యాంకు లెక్కతో భేదమున్నదా? డబ్బు వేలమంది చిన్నవారినుండి వచ్చినదా, కొలదిమంది పెద్దవారినుండి వచ్చినదా? తోటివారికంటె వేగముగా పెరుగుచున్నచో ఏల? ఇన్నింటికి జవాబులు దొరకిన పిమ్మటనే ధర సంగతి. ఒక్క యేటి లెక్కలు చాలవు. ఐదేండ్ల నివేదికలు ప్రక్కప్రక్కన పెట్టుకొని చూడవలెను. అవి కంపెనీ వెబ్‌సైటులో ఉచితముగానే లభించును. ఇంటిలో కళాశాలలో చదువు పిల్లలున్నచో వారితో కలిసి కూర్చుండుడు. ఒక సాయంకాలపు పని.

ఇక మాస్టారికి మా జవాబు. అయ్యా, మీ అల్లునిగారు మీ మేలు కోరి చెప్పినమాట నిజమే. వారు కూడిక, తీసివేత సరిగానే చేసినారు. ఐతే పుస్తకములోని 100 ఎట్లు వచ్చినదో అడుగుట మరచినారు. ఈమారు పండుగకు వచ్చినప్పుడు ఆ బ్యాంకు వార్షిక నివేదిక ముందు పెట్టి, పైప్రశ్నలను ఒక్కొక్కటిగా అడుగుడు. జవాబులు తృప్తికరముగా ఉన్నచో, పోయినను ఇల్లు గడచునంతటి డబ్బుతో కొనుట మీ ఇష్టము. ఆ 3 లక్షలకు మాత్రము మీ మనుమరాలి కళాశాల జీతమను గడువున్నది. బాకీ వసూలగునా కాదా యని రెండు మూడేండ్లు వేచియుండుటకు వాటాదారునికి ఓపిక ఉండవచ్చును, కళాశాలవారికి ఉండదు. ఆ డబ్బును డిపాజిటులోనే ఉండనిండు. 5 లక్షలలోపు గనుక దానికి భీమా కూడ ఉన్నది. పంక్తిలో చివర కూర్చుండుటకు ఆ అమ్మాయిని పంపనవసరము లేదు.